పట్టు తప్పిన చెయ్యి

ఆ ఉదయం టైలర్ మళ్లీ కత్తెర పట్టి చూశాడు. జానెడు గుడ్డ బాగానే తెగింది. ఆ తర్వాత వేళ్లు వదులైపోయాయి. కత్తెర బల్ల మీద పడిన చప్పుడు వంటింట్లో ఉన్న భార్యకు వినపడింది. ఆమె నిట్టూర్చింది. ఆ నిట్టూర్పులో జాలి కంటే విసుగే ఎక్కువ.

ఇంటి ముందున్న కొట్టు షట్టరు జారి ఆయన కుడి ముంజేతి మీద పడి ఆర్నెల్లు దాటింది. గాయం మానింది. ఎముకా నరాలూ బాగానే ఉన్నాయని పరీక్షలన్నీ చెప్పాయి. "చేతిలో బలం లేకపోవడం నిజమే. కారణమే మాకు దొరకడం లేదు," అన్నాడు పెద్ద డాక్టరు. అందులో మొదటి మాట ఆమె చెవికెక్కలేదు.

దానికి తోడు ఆమె అక్క ఫోనులో ఆజ్యం పోసింది. "డాక్టర్లకే దొరకని జబ్బేమిటే? కూర్చోవడం అలవాటైతే లేవబుద్ధి కాదు ఎవరికైనా." పైగా నిన్న సాయంత్రం వాన మొదలవగానే ఆయన అదే చేత్తో షట్టరు కిందికి లాగడం ఆమె కళ్లారా చూసింది. అప్పటినుంచి ఆ అనుమానం చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

పొయ్యి మీద పాలు మరుగుతున్నాయి. ఆయన మంచినీళ్ల కోసం లోపలికి వచ్చాడు. ఏమరుపాటులో ఉన్న మనిషికి నటన గుర్తుండదని ఆమెకు తోచింది.

"ఏవండీ, ఒక్క నిమిషం ఇది పట్టుకోండి," అంటూ గిన్నె కాడను ఆయన కుడిచేతిలో పెట్టేసింది.

ఆయన పట్టుకున్నాడు. 'చూశారా' అనబోయింది ఆమె. అంతలో వేళ్లు ఒక్కొక్కటే విడిపోయాయి. మరిగే పాలు ఆయన పాదం మీద పడ్డాయి.

ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చేసరికి కూతురు సెలవు పెట్టుకుని వచ్చి ఉంది.

"ఎలా జరిగింది నాన్నా?"

"నా తొందరేనమ్మా. ఎడమచేత్తో దింపాల్సింది, మరిచిపోయాను. మీ అమ్మ వద్దంటూనే ఉంది."

తల్లి తల దించుకుని వంటింట్లోకి వెళ్లింది. కూతురు వెనకే వచ్చింది.

"నాన్న నాటకమాడుతున్నారని నీకు అనుమానమట. పెద్దమ్మ చెప్పింది. నిజం చెప్పు, గిన్నె నాన్న దింపారా, నువ్విచ్చావా?"

నేల మీద పాల మరక ఇంకా తుడవలేదు. ఆమె దాన్నే చూస్తూ, "నేనే ఇచ్చాను. పడుతుందో లేదో చూద్దామని," అంది.

"నాన్న మాట నమ్మడానికి ఆయన కాలు కాలాలా అమ్మా?"

తల్లి వెళ్లి భర్త మంచం పక్కన కింద కూర్చుంది. "కావాలనే ఇచ్చానండీ," అంది.

"తెలుసు. ఇచ్చేటప్పుడు నీ చూపు గిన్నె మీద లేదు, నా ముఖం మీద ఉంది."

"తెలిసీ నన్ను వెనకేసుకొచ్చారా?"

"నిన్నేమని తిట్టను? నాకే నా మీద అనుమానం." ఆయన చేతిని ఒళ్లోకి తీసుకుని చూసుకున్నాడు. "ఒక రోజు పట్టు దొరుకుతుంది, మర్నాడు ఉండదు. నేనే నటిస్తున్నానేమో, ఆ సంగతి నాకే తెలియడం లేదేమో అనిపిస్తుంది. నిన్న షట్టరు లాగాక చొక్కా గుండీలు తీసుకోలేక అలాగే పడుకున్నాను."

బద్ధకమని రాత్రి ఆ చొక్కా గురించే ఆమె సణిగింది. ఇప్పుడు ఆయన మోకాలికి నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన వారించలేదు.

కొంతసేపటికి ఆయన కుడిచెయ్యి ఆమె అరచేతిలోకి వచ్చింది.

"గట్టిగా నొక్కుతున్నాను. తెలుస్తోందా?"

ఆమె కళ్లు మూసుకుని గమనించింది. అరచేతిలో గోరువెచ్చదనం తప్ప ఏమీ లేదు. అవునని చెప్పి ఆయన్ని సంతోషపెట్టాలనిపించింది. కానీ అబద్ధాలు ఆ పూటకి చాలు.

"తెలియడం లేదండీ," అంది. "కానీ మీరు నొక్కుతున్నారు. నాకు తెలుసు."