ఆముదం గిన్నె

పొద్దున్నే వాకిట్లో బానెట్ లేచిన చప్పుడుకు సరోజన చెవుల మీదికి కొంగు లాక్కుంది. మూడు నెలలుగా ఆ ఇంట్లో తెల్లవారడమంటే ఇదే. అన్న భూపాల్ ముఖమైనా కడుక్కోకుండా తెల్ల కారు ముందు వంగి, ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కి చూస్తాడు. మరీ వదులుగా దిగితే బిగిస్తాడు. దాన్ని మెలితిప్పి లోపలి వైపు పగుళ్లున్నాయేమో, అంచులు పీలికలయ్యాయేమో టార్చి వేసి వెతుకుతాడు. ఆఖరికి వాసన కూడా చూస్తాడు. రబ్బరును వాసన చూసే మనిషిని ఆమె ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పుడెంత చూస్తే ఏం లాభం? చూడాల్సిన రోజున చూడలేదు కదా.

ఆ పాత డీజిల్ కారును భూపాల్ వరంగల్‌లో కొనుక్కొచ్చి, బచ్చన్నపేట నుంచి జనగామకు కిరాయికి నడుపుతున్నాడు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన సరోజనకు నొప్పులు మొదలైనప్పుడు అందులోనే దవాఖానకు బయలుదేరారు. సగం దారిలో ఇంజన్ మసిలి, పొగలు కక్కి, పట్టేసింది. అటూ ఇటూ చేలు తప్ప మనిషి జాడ లేదు. ఎప్పటికో తవుడు బస్తాల లారీ దొరికి జనగామ చేరారు. మగపిల్లాడు. ఒళ్లు వెచ్చగానే ఉంది గానీ ఏడవలేదు. ఇంకొంచెం ముందు తేవాల్సింది అంది డాక్టరమ్మ.

ఆ ఒక్క మాట ఇంటిల్లిపాదికీ చాలింది. "నా మనుమణ్ణి సంపినవ్ గదరా" అని తండ్రి జగపతి నలుగురిలో కొడుకును నిలదీశాడు. భూపాల్ తల దించుకున్నాడే తప్ప నోరు విప్పలేదు. తప్పు చేసినవాడు గనకే మాట్లాడలేదనుకుంది సరోజన. ఆనాటి నుంచి అన్నతో మాటలు మానేసింది.

ఈవేళ ఆమె మానుకోటలో అత్తవారింటికి తిరిగి వెళ్లాలి. భర్త జనగామ స్టేషన్‌కు వచ్చి ఎదురు చూస్తానని కబురు పెట్టాడు.

"లే బిడ్డా, అన్న కారు తయారు జేస్తున్నడు" అంది తల్లి రాజమణి.

"నేను బస్సుల పోత. ఆ కారు నేనెక్క."

"పచ్చి ఒళ్లే నీది. బస్సుల కుదుపులకు ఆగుతవా? వాని మొఖం జూసి అయినా ఎక్కు."

"వాని మొఖం జూస్తే నాకు నా కొడుకే యాదికొస్తడవ్వా."

రాజమణి కళ్లొత్తుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. సరోజనకు ఒళ్లు మండింది. విసురుగా వాకిట్లోకి వచ్చింది.

"ఎవ్వలి కోసం చూస్తున్నవ్ దాన్ని? ఆ దినం జర చూసుంటే నా కొడుకు నా ఒళ్లె ఉండేటోడు."

భూపాల్ బెల్టు మీంచి చేయి తీయలేదు. "అవు, నాదే తప్పు. కోపం ఎంతుంటే అంత నా మీద వెట్టుకో. బస్సుల మాత్రం పోకు చెల్లే."

కారు స్టార్టు చేశాడు. రాత్రి పడ్డ వానకు తడిసిన బెల్టు కీచుమని అరిచింది. ఆ అరుపు విని జగపతి పెరట్లోంచి ఆముదం గిన్నెతో వచ్చాడు.

"మల్ల మొత్తుకుంటున్నదా? బంద్ జెయ్యిరా. బిడ్డా, నువ్వు పరేషాన్ గాకు. అరవై తొమ్మిదిల గొడవలకు బస్సులన్ని బందైతే మీ అవ్వను ఎడ్లబండిలనే దవాఖానకు తీస్కపోయిన. ఇరుసుకు దండిగ ఆముదం వెట్టిన. సప్పుడు లేకుంట ఉరికింది బండి. నువ్వు సల్లగ పుట్టినవ్."

ఈ కథ ఆమె వందసార్లు విన్నది. తర్వాతి మాటే ఎన్నడూ వినలేదు.

"నీ కాన్పు దినం సుత ఇది గిట్లనే ఒర్రుతుంటే, వీడు లోపటికెళ్లి నిన్ను పట్టుకొచ్చేలోపట నేనే బెల్టుకు ఆముదం రాసిన. టక్కున సప్పుడు బందైంది. నేను జేసేది నేను జేసిన. వీడే జెయ్యలే." గిన్నెను బానెట్ అంచున పెట్టాడు. "నూనె రాసే కోడి ఈక యాడ వెట్టిన్నో" అనుకుంటూ లోపలికి వెళ్లాడు.

భూపాల్ గభాల్న గిన్నె అందుకున్నాడు. సరోజనకు ఆ రోజు కళ్లముందుకు వచ్చింది. నొప్పులతో వెనక సీటులో మెలికలు తిరుగుతూ, తెరిచిన తలుపులోంచి చూసింది: అన్న బెల్టును తాకి, వేళ్లు వాసన చూసుకున్నాడు. తర్వాత తన అంగీ విప్పి దేన్నో తుడిచి, ఆ అంగీని చేలోకి విసిరేశాడు.

"అన్నా, బెల్టుకు నూనె రాస్తే ఏమైతది?"

"ఏం గాదు. నువ్వు పోయి తయారు గా."

"నా కొడుకు మీద ఒట్టు. చెప్పు."

అతను గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇరుసుకు నూనె గావాలె. దీనికి వద్దు. పొడిగుంటేనే పట్టు. నూనె తాకితే జారుతది. జారితే పంకా తిరగది, నీళ్లు తిరగయి, ఇంజన్ మసులుతది." ఆగి మళ్లీ అన్నాడు. "ముందటి దినమే నొక్కి చూసిన చెల్లే. మంచిగుండె."

"మరి ఇన్నొద్దులు ఎందుకు జెప్పలే?"

"మనుమని కోసమే రాసిండు గదా. ఆ సంగతి తెలిస్తే బాపు బతుకుతడా? నన్ను తిట్టుకుంటనన్నా ఇంత తింటున్నడు."

ఇన్నాళ్లూ సరోజనకు కనీసం కోపమన్నా తోడుంది. ఇప్పుడు అదీ పోయింది. తన కొడుకును పోగొట్టింది ఎవరి నిర్లక్ష్యమూ కాదు, ప్రేమే. దాన్ని ఎట్లా తిట్టాలి?

జగపతి ఈకతో వచ్చాడు. "ఇటు దే గిన్నె."

ఆమె అన్న చేతిలోంచి గిన్నె తీసుకుని అరుగు మీద కూర్చుంది. జడ విప్పుకుంది. "బాపు, తల పగిలిపోతున్నది. ఈ ఆముదం నా నెత్తికి వెట్టు."

"మరి కారుకో?"

"కారు సంగతి అన్న చూసుకుంటడు."

జగపతి బిడ్డ ముఖంలోకి చూసి ఈక పక్కన పెట్టాడు. అరచేతిలో ఆముదం పోసి నడినెత్తిన అద్దాడు. ఆ మొరటు వేళ్లు తగలగానే సరోజన మోకాళ్లలో తల దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఊకో బిడ్డా. మల్ల పుడుతడు నీకు." ముసలాయన ఇంకొంచెం ఆముదం అద్దాడు. "నేను జేసేది జేసిన గదనే."

"అవు బాపు. నువ్వు జేసేది జేసినవ్."

ఎండ పడి బెల్టు ఆరింది. ఈసారి ఇంజన్ కీచుమనకుండా అందుకుంది. సరోజన నూనె కారుతున్న తలతోనే వెళ్లి ముందు సీటులో అన్న పక్కన కూర్చుంది. "పా అన్నా" అంది.

భూపాల్ స్టీరింగ్ మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. జగపతి కిటికీలోంచి చేయి పెట్టి కొడుకు వీపు మీద వేశాడు. చెల్లెలు మళ్లీ మాట్లాడిందని ఏడుస్తున్నాడనుకున్నాడు కాబోలు.