అడ్డంగా కట్టిన యాంటెన్నా

భావనపాడు ఒడ్డున, పట్టపగలు పదిన్నరకి, వల దులుపుకుంటున్న జోగారావు వీపులో రెండు బుల్లెట్లు దిగాయి. సైలెన్సర్ బిగించిన పిస్టల్. పక్కనే ఎండుచేపలు తిరగేస్తున్న ఆడవాళ్లకి చప్పుడే వినపడలేదు.

ఊరికి జోగారావు జాలరి. ఢిల్లీ ఫైళ్లలో సోర్స్ నైన్, స్మగ్లింగ్ ముఠా కబుర్లు చేరవేసే వేగు. అతన్ని ఆ పనిలోకి దింపింది ఏజెంట్ యుగంధర్. దొంగసరుకు మోస్తూ తన్నుకుని చచ్చాడని ఊరంతా అనుకుంటోంది. కాదని చెప్పగలిగిన ఒక్క మనిషీ, ఆరు రోజులుగా, అదే జోగారావు ఇంటి వసారాలో టీవీ మెకానిక్ వేషంలో నోరు మూసుకుని కూర్చున్నాడు. నెల రోజుల కిందట అద్దెకి దిగిన ఈ కుర్రాడెవరో జోగారావు భార్య రత్నాలమ్మకి తెలియదు. ఆమె వైపు చూడటానికి యుగంధర్‌కి మొహం చెల్లడం లేదు.

టూల్‌బాక్స్ అడుగున దాచిన వైర్‌లెస్ కీచుమంది. టెక్కలి నుంచి చీఫ్ సూర్యారావు. ముందు గుర్తుమాట.

"ఉద్దానంలో ఎండెలా ఉంది?"

"కొబ్బరి నీడ చాలు సార్."

"విదేశీ ట్రాలర్ మళ్లీ వచ్చింది. ఈరోజే ఏదో పేలుస్తారు. ఎక్కడో తెలీదు, ఎప్పుడో తెలీదు. ఒడ్డునున్న వాళ్ల మనిషితో మాట్లాడేటప్పుడు నీ స్కానర్ పట్టాలి."

"పోయినసారి బుస్సుమనే హిస్ తప్ప ఏమీ రాలేదు సార్."

"ఈసారి రావాలి. ఓవర్."

స్కానర్ అరచేతిలో ఇమిడే ఫారిన్ సరుకు. దాంతో వచ్చిన రబ్బరు తోకలాంటి యాంటెన్నా దూరపు సిగ్నల్‌కి పనికిరాదని యుగంధర్ సొంతంగా రెండు రెక్కల డైపోల్ యాంటెన్నా తయారుచేశాడు. ముఠా ఫ్రీక్వెన్సీ 156 మెగాహెర్ట్జ్. డైపోల్ సూత్రం ప్రకారం 143ని దాంతో భాగిస్తే తొంభై ఒక్క సెంటీమీటర్లు చిల్లర. సగం చేస్తే ఒక్కో రెక్క దాదాపు నలభై ఆరు. పాత టీవీ యాంటెన్నా గొట్టాలు ఆ కొలతకి కోసి, మధ్యలో ప్లాస్టిక్ ముక్క పెట్టి, కేబుల్ లోపలి తీగ ఒక రెక్కకి, పైనున్న అల్లిక రెండో రెక్కకి బిగించాడు. ఊళ్లో యాంటెన్నాలన్నీ అడ్డంగా ఉన్నాయి. అనుమానం రాకుండా తనదీ వెదురు గెడకి అడ్డంగానే కట్టాడు. ఆ తెలివికి తనే మురిసిపోయాడు కూడా.

నాలుగు దాటింది. రత్నాలమ్మ గడపలో కూర్చుని అడిగింది.

"ఏటి బాబూ, పొద్దుటినుంచీ దాన్నే సూత్తన్నావు?"

"సిగ్నల్ రావట్లేదక్కా."

"ఎలాగొత్తాది? అది పడుకుని ఉంది కదా. మావోడు విశాఖలో పెద్ద బోటు మీద సేసినపుడు, వైర్‌లెస్ కర్ర నిలబడే ఉండీదంట. ఓపాలి తుపానుకి వాలిపోతే బుస్సుమని తప్ప మాటే ఇనపడలేదంట. నీ డబ్బా కూడా అలాగే బుస్సుమంటాది."

యుగంధర్ తలెత్తి గెడ వైపు చూశాడు. పంపేది నిలువుగా ఉంటే పట్టేదీ నిలువుగా ఉండాలి. ట్రైనింగ్‌లో మొదటి వారం పాఠం. వేషం మోజులో అదే మరిచిపోయాడు. జోగారావు చావుకి ముందురోజు లాగ్‌బుక్‌లో 'హిస్' అని రాసి తీరిగ్గా టీ తాగాడు.

తాడు విప్పి డైపోల్‌ని నిలువుగా కట్టాడు. ఇయర్‌ఫోన్‌లో హిస్ పోయి ఆడగొంతు పలికింది.

"రోస్టింగ్ ఐదింటికి. నౌపడ. పప్పు ఉప్పులారీలో ఉంది."

ముఠా జీడిపప్పు కోడ్‌లో రోస్టింగ్ అంటే పేలుడు. పప్పు అంటే ఆర్డీఎక్స్. ఆ గొంతు పలాసలో బ్యూటీపార్లర్ నడిపే ఇందుమతిది. ఆమె డిపార్ట్‌మెంట్ మనిషే!

చీఫ్‌కి రెండు ముక్కల్లో చెప్పి స్కూటరెక్కాడు. సూర్యారావు టెక్కలి నుంచి పంపిన జీపు రైల్వే గేటు దగ్గర ఆగిపోయింది. యుగంధర్ నౌపడ చేరేసరికి ఐదుకి రెండు నిమిషాలు తక్కువ. గూడ్స్ షెడ్‌లో ఉప్పులారీ, దాని పక్కనే పట్టాల మీద కిక్కిరిసిన పాసింజరు. లారీ ముందు ఇందుమతి. మెరూన్ సిల్కు చీర, నల్లకళ్లద్దాలు, చేతిలో బుల్లి పిస్టల్.

"ఈసారి విన్నావన్నమాట."

"నువ్వు ఎవరి మనిషివి?"

"ఎవరు వింటే వాళ్ల మనిషిని. జాలరిని ఒడ్డుకి రానివ్వద్దని ముందురోజు నాలుగుసార్లు చెప్పాను, నువ్వు వినే ఫ్రీక్వెన్సీలోనే. ఎందుకు రాలేదు యుగంధర్?"

ఆమె పిస్టల్ దించింది.

"మూడో వరస. నీలం కుట్టున్న బస్తా."

బస్తా చీల్చాడు. టైమర్‌లో పంతొమ్మిది సెకన్లు. డిటొనేటర్ ఊడి చేతికొచ్చేసరికి నాలుగు మిగిలాయి. పాసింజరు కూతవేసి కదిలింది. వెనక్కి తిరిగితే ఇందుమతి లేదు.

"శభాష్!" అన్నాడు సూర్యారావు వైర్‌లెస్‌లో, యాంటెన్నా సంగతితో సహా అంతా విని. "జోగారావు విషయం 'సిగ్నల్ ఫెయిల్యూర్' అని రాసెయ్. ఇంట్లోవాళ్లకి ఒక్క ముక్క చెప్పకూడదు. ఆర్డర్."

"సారీ సార్," అని యుగంధర్ సెట్ ఆపేశాడు.

పొద్దువాలేలోగా భావనపాడు చేరి రత్నాలమ్మ ముందు నేల మీద కూర్చుని అంతా చెప్పాడు. తను ఎవరో, జోగారావు ఎవరి పని చేశాడో, యాంటెన్నా ఎలా కట్టాడో.

"ఆ కర్ర సంగతి నాను ముందే సెప్పీసుంటే మావోడు బతికీవోడా?"

"అంత మాటనకక్కా. తప్పు నాది. పూర్తిగా నాది."

రత్నాలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మావోణ్ణి దొంగంటన్నారు ఊళ్లో. ఐదు రోజుల్లో దినం. అందరూ వత్తారు. నాకు సెప్పినట్టే ఆలకీ సెప్పు. నీ తప్పుతో సహా సెప్పు. ఆ టీవీలోడిలాగ కాదు, నీలాగే రా."

పదకొండేళ్ల సర్వీసులో మారువేషం లేకుండా వెళ్లాల్సిన డ్యూటీ యుగంధర్‌కి పడటం అదే మొదలు.