జెర్సీ ఒడ్డు చేరని శవపేటిక

రహస్యాన్ని చెవిలో చెప్పాలి. కానీ 1793 సెప్టెంబరులో, అప్పటి రాజధాని ఫిలడెల్ఫియాలో ఎవరి చెవి దగ్గరికీ ఎవరూ వెళ్ళడం లేదు. అంటుకుంటే ప్రాణం తీసే పచ్చజ్వరం అలాంటిది. అందుకే అమెరికా ప్రభుత్వపు అతి రహస్యమైన మిషన్‌ని కర్నల్ డ్రేటన్ మొక్కజొన్న చేను ఈ గట్టు మీద నిలబడి, ఆ గట్టు మీదున్న ఏజెంటుకి కేకేసి చెప్పాడు.

"టాటమ్, వినపడుతోందా?"

"నాకొక్కడికేం ఖర్మ, న్యూయార్క్‌ దాకా వినపడుతోంది. చెప్పు."

కర్నల్‌ని నువ్వు అనగలిగినవాడు ఆ గూఢచారి శాఖలో మైకా టాటమ్ ఒక్కడే. పొగరు కాదు, పెంపకం. అతను క్వేకర్ల ఇంట పుట్టాడు. వాళ్ళు తమని తాము మిత్రులని పిలుచుకుంటారు. రాజైనా కూలివాడైనా వాళ్ళకి నువ్వే. ఎవరి ముందూ టోపీ తీయరు, ప్రమాణం చేయరు, అబద్ధం ఆడరు, ఆయుధం పట్టరు. స్వాతంత్ర్య యుద్ధంలో తుపాకి పట్టినందుకు మైకాని సంఘం వెలేసింది. సంఘం వదిలినా మిగతా అలవాట్లు మాత్రం అతన్ని వదల్లేదు. అబద్ధమాడలేని గూఢచారి, ఈత రాని జాలరి ఒకటేనని కర్నల్ విసుక్కునేవాడు. కానీ మిగతా ఏజెంట్లందరూ జ్వరానికి జడిసి పల్లెలకి పారిపోయారు. మంత్రులూ అదే పని చేశారు కాబట్టి వాళ్ళననడానికి లేదు.

"మీ బావ పోయాడని పొద్దున్న కబురొచ్చింది," అన్నాడు కర్నల్. "జ్వరమట."

మైకా కంచె పట్టుకున్నాడు. థామస్ గ్రీవ్ అతని చెల్లెలు లిడియా మొగుడు. ఇంగ్లండులో నూలు మిల్లు మెకానిక్. ఆ దేశంలో నూలు వడికే మెషీన్ బొమ్మ గీసి బయటికి పంపడం నేరం, దాన్ని కట్టడం తెలిసినవాడు దేశం దాటడం ఇంకా పెద్ద నేరం. గ్రీవ్ పాలేరు వేషంలో ఓడెక్కి, మెషీన్ మొత్తాన్ని తలలో పెట్టుకుని వచ్చేశాడు. స్కూల్‌కిల్ నది ఒడ్డున షెడ్డు వేసి, జ్ఞాపకం నుంచే ఒక్కొక్క చక్రం చెక్కి, మెషీన్ నిలబెట్టాడు. వచ్చే నెలలో మిల్లు మొదలుకావాలి.

"నేను నమ్మడం లేదు," కర్నల్ మళ్ళీ అరిచాడు. "రాత్రి ఎవరో షెడ్డులో దూరి మెషీన్ని గొడ్డళ్ళతో నరికేశారు. తెల్లారేసరికి అది కట్టినవాడు పోయాడట. రెండూ ఒక్క రాత్రే ఎలా జరుగుతాయి? రేవులో 'మార్గరెట్' అని ఒక ఓడ ఉంది. ఈ మధ్యాహ్నం పోటు తిరగ్గానే లివర్‌పూల్ వెళ్తుంది. దాన్ని మాట్లాడుకున్నది ఆష్‌క్రాఫ్ట్. మాంచెస్టర్ మిల్లుల ముఠా మనిషి."

"బతికుండగానే ఎత్తుకుపోతున్నారంటావా?"

"మెషీన్ పోయింది. ఇక మిగిలింది ఆ తలకాయే. అది ఓడెక్కితే మనం ఇంకో తరం ఇంగ్లండు వాడి గుడ్డే కట్టుకోవాలి. జెండా మారింది, చొక్కా మారలేదు అని వాళ్ళు నవ్వుతారు."

"థామస్ సంగతి?"

"వాళ్ళ చట్టమైతే జైలు. వాళ్ళ కోపం సంగతి నాకు తెలియదు."

కర్నల్ ఒక చేతికర్రని చేను మీంచి విసిరాడు. "పిడి తిప్పితే కత్తి వస్తుంది. ఊళ్ళో మన మనిషి ఉంది, టోపీల దుకాణం నడుపుతుంది. కోడ్ వర్డ్: మంచు ఎప్పుడు పడుతుంది? జవాబు: మనం పోయాక."

మంచు పడితే జ్వరం పోతుందని ఊరంతా నమ్మకం. ఆ జవాబు రాసినవాడెవడోగానీ వాడికి ఊరి సంగతి బాగా తెలుసు.

ఊళ్ళో గంటలు మోగడం లేదు. చావుగంట ఆగకుండా మోగితే మంచాన ఉన్నవాళ్ళ గుండె జారిపోతోందని నగర సభే ఆపించేసింది. కనబడిన నలుగురూ ముక్కుకి వెనిగర్ గుడ్డ అడ్డం పెట్టుకుని, గోడలకి దూరంగా వీధి మధ్యలో నడుస్తున్నారు. మైకా సమాధులు తవ్వేవాడి వేషం వేశాడు. ఆ వేషాన్ని ఎవరూ రెండోసారి చూడరు.

లిడియా పై కిటికీలోంచే మాట్లాడింది. ఆరో నెల కడుపు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహం.

"నర్సు నన్ను ఈ గదిలోంచి కదలనివ్వలేదు అన్నయ్యా. కడుపుతో ఉన్నదానివి, కింద ఆయన దగ్గరికి రావద్దంది. పొద్దున్నే తీసుకెళ్ళిపోయారు. మొహం కూడా చూడలేదు."

"ఎవరు తీసుకెళ్ళారు?"

"మిత్రులే. ఇక్కడి శ్మశానంలో చోటు లేదని, రేవు దగ్గర నది దాటించి, అవతల జెర్సీ ఒడ్డున పాతుతామన్నారు. టోపీలకి నల్లగుడ్డలు కట్టుకుని నలుగురు…"

ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. క్వేకర్లు చావుకి నల్లగుడ్డ కట్టరు. దుఃఖానికి వేషం అక్కర్లేదంటారు. ఏడుపులో ఆమెకి తట్టని సంగతి అన్న మొహం చూశాక తట్టింది.

"నర్సు ఎవరమ్మా?"

"టోపీల దుకాణం ఆవిడ, వర్జినీ. జ్వరానికి భయపడని మనిషి ఊళ్ళో ఆవిడొక్కతేగా."

మైకా పరుగెత్తాడు. ఊళ్ళో మన మనిషి అని కర్నల్ చెప్పినదీ ఆ వర్జినీ గురించే.

రేవులో శవపేటికని పడవ దగ్గరకి దించేశారు. పొడుగాటి బూడిదరంగు కోట్లు, వెడల్పు అంచు టోపీలు, వాటికి నల్లగుడ్డలు. మోసిన నలుగురి ముందు అదే వేషంలో నిలబడిన పెద్దమనిషి ఆష్‌క్రాఫ్ట్. నది మధ్యలో మార్గరెట్ తెరచాపలు విప్పుతోంది. పేటిక పక్కనే పసుపుపచ్చ పట్టు గౌనులో వర్జినీ ద్యుబోస్క్ నిలబడి ఉంది. ఊరు మొత్తంలో ముక్కుకి గుడ్డ లేని మొహం అదొక్కటే. ఫ్రెంచి దీవుల్లో పుట్టింది. చిన్నప్పుడే ఈ జ్వరం వచ్చి పోయింది, ఇక మళ్ళీ రాదు. ఆ ధైర్యానికి తోడు అందం కూడా ఇచ్చాడు దేవుడు, ఎందుకో.

"మంచు ఎప్పుడు పడుతుంది, ముస్యూ?" అంది చిరునవ్వుతో, అయ్యా అనడానికి తన ఫ్రెంచి మాట వాడుతూ.

"మనం పోయాక," అన్నాడు మైకా. "ఇందులో ఉన్నవాడు పోయాడా?"

"నా చేతుల్లోనే పోయాడు."

అది పక్కనే ఉన్న రేవు అధికారి సైలస్ వెంట్‌కి వినపడేలా చెప్పింది. ఆమె రెండు పక్షాలకీ పనిచేసే డబుల్ ఏజెంట్ అనీ, ఇప్పుడు ఎటు వాలిందనీ మైకాకి అర్థమైంది.

"ఆఫీసర్, పేటిక తెరువు," అన్నాడు. "వీళ్ళు మిత్రులు కారు. మావాళ్ళు నల్లగుడ్డ కట్టరు."

"మీ ఊళ్ళో కట్టరేమో, మా జెర్సీ వైపు కడతాం," అన్నాడు ఆష్‌క్రాఫ్ట్ తొణక్కుండా.

వెంట్ వెనిగర్ గుడ్డ వెనకనుంచి నిట్టూర్చాడు. "జ్వరం పేటిక తెరవాలంటే లోపల మనిషి బతికున్నాడని ఒకరు ప్రమాణం చేయాలయ్యా. రూలు."

"మేము ప్రమాణం చేయం. మాటిస్తాం. చట్టం ఒప్పుకుంటుంది."

"వాళ్ళకి ఒప్పుకుంటుంది. నిన్ను వెలేశారుగా, ఊరంతటికీ తెలుసు. నీ మాట ఇప్పుడు అందరి మాట లాంటిదే. ఇదిగో బైబిలు, చెయ్యి పెట్టు."

మైకా చెయ్యి లేచింది. గ్రీవ్ బతికున్నాడని అతనికి నిజంగా తెలుసా? తెలియదు. బతికుండాలని ఉంది, అంతే. యుద్ధంలో మనుషుల్ని కాల్చిన చెయ్యి ఆ పుస్తకం మీద వాలలేక కిందికి దిగిపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది. చెల్లెలి మొగుడు కళ్ళముందు పోతుంటే నియమాలు లెక్కబెట్టుకునేవాడు మనిషేనా అనుకున్నాడు.

"చేతకాదన్నమాట," అన్నాడు ఆష్‌క్రాఫ్ట్. "పడవలోకి ఎత్తండి."

"ఒక్కమాట," అన్నాడు మైకా. "పోనీ, తెరవద్దు. వీడు నా చెల్లెలి మొగుడు. పాతిపెట్టే ముందు మావాళ్ళు శవం చుట్టూ మౌనంగా నిలబడతారు. ఎవరికైనా మనసు లోపలినుంచి మాట వస్తే చెప్తారు, రాకపోతే లేదు. ఆ మౌనం ఇక్కడ పాటించి పంపిస్తాను. ఆఫీసర్, నువ్వు ఈ ఊళ్ళో పుట్టినవాడివి. నీకు తెలియంది కాదు."

"తెలుసు. మా పక్కిల్లు మీవాళ్ళదే," అన్నాడు వెంట్. "కానివ్వండి."

మిత్రుడి వేషం వేసినవాడు ఆ మాటకి కాదనలేడు. ఆష్‌క్రాఫ్ట్ తల వంచాడు.

మౌనం మొదలైంది. మిత్రుడనేవాడికి అది చంటితనం నాటి అలవాటు. తల్లి ఒడిలో గంటల తరబడి కదలకుండా కూర్చుని నేర్చుకుంటాడు. వేషానికి కోటు దొరుకుతుంది గానీ ఆ ఓపిక దొరకదు. కాసేపటికే మోసేవాళ్ళలో ఒకడు కాలు మార్చాడు. ఒకడు దగ్గాడు. ఓడ మీద ఈల వినపడింది. లంగరు గొలుసు చప్పుడు మొదలైంది. ఆష్‌క్రాఫ్ట్ నుదుటి మీద చెమట పట్టింది.

మైకా చెవులు రెండూ పేటిక మీదే. లోపల చిన్న చప్పుడు కూడా లేదు. దొంగల కోసం పన్నిన వల అది, కానీ అందులో ముందు చిక్కుకున్నది తనే అనిపించింది. వీడు నిజంగానే చచ్చిపోయి ఉంటే? లిడియాకి ఏం చెప్పాలి? ఎన్నో ఏళ్ళ తరువాత అతను ఆ మౌనంలో నిజంగానే దేవుణ్ణి అడుక్కున్నాడు.

ఆష్‌క్రాఫ్ట్ ఇక ఆగలేకపోయాడు. ఏదో ఒకటి చదివేస్తే తంతు ముగుస్తుందనుకున్నాడు. కోటు జేబులోంచి చిన్న ప్రార్థన పుస్తకం తీసి గబగబా చదవడం మొదలుపెట్టాడు. ఇంగ్లండు చర్చిలో పెరిగిన ఆ నలుగురూ అలవాటుకొద్దీ టోపీలు తీసి, తలలు వంచి, ఒక్క గొంతుతో ఆమెన్ అన్నారు.

వెంట్ ముక్కు మీద గుడ్డ తీసేశాడు. "ఎవరయ్యా మీరు? మా పక్కింట్లో ఎన్ని చావులు చూశాను, ఒక్కనాడు పుస్తకం తెరవలేదు. తీయండి మూత."

ఆష్‌క్రాఫ్ట్ చేతిలో పుస్తకం పోయి పిస్తోలు వచ్చింది. మైకా చేతికర్ర అతని ముంజేతి మీద పడగానే పిస్తోలు నీళ్ళలో పడింది. ఈలోగా నలుగురూ పేటికని పడవలోకి తోసి తాడు కోసేశారు. పడవ ఒడ్డు వదిలింది. మైకా దూకాడు. నడుము లోతు బురదనీళ్ళలో పడవ అంచు దొరకబుచ్చుకుని, తెడ్డు దెబ్బలు వీపు మీద పడుతున్నా వదల్లేదు. వెంట్ కాపలావాళ్ళు తుపాకులెత్తాక గానీ తెడ్లు ఆగలేదు.

పేటిక ఒడ్డుకి చేరాక మైకా కర్ర పిడి తిప్పి, కత్తితో మూత లేపాడు. గ్రీవ్ కదలడం లేదు. పెదాలు తెల్లగా ఉన్నాయి. ఎవరూ దగ్గరికి రాలేదు. వర్జినీ మాత్రం వచ్చి, రొండినుంచి చిన్న అద్దం తీసి అతని ముక్కు దగ్గర పెట్టింది. అద్దం మీద పలచగా ఆవిరి పట్టింది.

"నల్లమందు. సగం మోతాదే ఇచ్చాను," అంది. "ఇతను నిద్రపోవాలని వాళ్ళన్నారు. మీరు బతకాలంటారని తెలుసు. ఇద్దరి పనీ చేశాను ముస్యూ."

గ్రీవ్ కళ్ళు తెరిచి చాలాసేపు ఆకాశం చూశాడు. "బావా," అన్నాడు మెల్లగా. "లిడియా పక్కనే పాతారా నన్ను?"

"లిడియాకేమైందిరా?"

"నిన్న రాత్రి పోయిందిగా. ఈవిడే చెప్పింది. ఇంక ఎక్కడికి తీసుకెళ్తే ఏం, ఏం తాగిస్తే ఏం అనుకున్నాను."

కింద గదిలో ఒకరికి, పై గదిలో ఒకరికి, ఒకే ఇంట్లో రెండు అబద్ధపు చావులు మోసింది ఆ నోరు. మైకా తనవైపు చూసేసరికి వర్జినీ నది వైపు తిరిగింది. ఆమెనీ ఆష్‌క్రాఫ్ట్‌నీ ఒకే బండిలో జైలుకి పంపారు.

మర్నాడు లిడియాకి చలి మొదలైంది. ఈసారి నిజం జ్వరం. డాక్టర్లు దొరకలేదు. రోగులకి సేవ చేస్తున్న నల్లజాతివాళ్ళ సంఘం, ఆఫ్రికన్ సొసైటీ ఆడవాళ్ళు ఒక్కొక్కరు పదేసి ఇళ్ళు చూస్తూ, తమవాళ్ళని తాము పాతుకుంటూ ఉన్నారు. ఇక మైకా జైలుకి వెళ్ళాడు.

"ఉరి ఎప్పుడు?" అంది వర్జినీ.

"నా చెల్లెలికి జ్వరం. పద."

ఆమె మళ్ళీ హాస్యమాడలేదు.

తరువాత ఆ ఇంట్లో పగలూ రాత్రీ ఒకటే అయ్యాయి. మగవాళ్ళిద్దరూ తలుపు బయట కూర్చున్నారు. లోపలినుంచి మూలుగు వినిపించేది, తరువాత అదీ ఆగిపోయింది. కలవరింతలు లేవు, ఏడుపు లేదు. గ్రీవ్ నేల మీద వేలితో చక్రాలు గీసి చెరిపేస్తూ ఉండేవాడు. ఓ పొద్దున తలుపు తెరుచుకుంది. వర్జినీ పసుపు గౌను నల్లటి వాంతి మరకలతో అట్టకట్టి ఉంది.

"గండం గడిచింది," అంది. "కడుపులో బిడ్డ కూడా కదులుతోంది."

ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.

"ఇంతకుముందు పోయిందని కూడా నువ్వే చెప్పావు," అన్నాడు గ్రీవ్.

తుపాకులకి ఎదురు నిలబడ్డప్పుడు అడగని మాట, పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ అడగని మాట, అప్పుడు మైకా అడిగాడు.

"ప్రమాణం చేసి చెప్పు."

వర్జినీ గోడకి జారబడింది. "ఇంగ్లండు రాజు మీద చేశాను, మీ రాజ్యాంగం మీద చేశాను. నా ప్రమాణాలు చాలా చవక ముస్యూ. దేని మీద చేయమంటారు?"

"ఎవరది," అని లోపలినుంచి నీరసంగా, కానీ స్పష్టంగా ఒక గొంతు వినపడింది. "మిత్రుల ఇంట్లో ప్రమాణాలడుగుతున్నదెవరు? అన్నయ్యా, నువ్వేనా? అమ్మ వింటే ఏమనుకుంటుంది, సిగ్గులేదూ?"

గ్రీవ్ తలుపుని దాదాపు విరగ్గొట్టుకుని లోపలికి దూరాడు. దేశం కోసం ఎన్ని ముఠాలనో పట్టించిన మైకా టాటమ్, జీవితంలో మొదటిసారి తప్పు చేస్తూ దొరికిపోయి, గుమ్మంలోనే కూర్చుని ఆ తిట్లు కడదాకా విన్నాడు.