సీటు జరగని కారు

"రేపు పొద్దున పదింటికి మా తమ్ముణ్ణి తీసుకెళ్లిపోతారట సార్!"

కుర్చీ చూపించేలోపే ఆమె ఆ మాట అనేసింది. కొలతల టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. స్కూలు యూనిఫాంలు కుట్టే దుకాణం ఆమెది. మిషను మీంచి లేచి ఉన్నపళంగా వచ్చేసినట్టుంది.

ఆమె మంచినీళ్లు తాగేదాకా డిటెక్టివు నోరు విప్పలేదు. ఇల్లు తగలబడుతున్నా చొక్కా గుండీలన్నీ పెట్టుకునే బయటికొచ్చే మనిషి కాబట్టి అందరూ ఆయన్ని నిదానం గారంటారు. పక్క బల్ల దగ్గర ఆయన అసిస్టెంటు పెన్సిలు చెక్కుకుని సిద్ధంగా ఉంది. పదిహేనేళ్లు కోర్టులో స్టెనోగా చేసి, జడ్జీలందరికంటే ఈయనే తెలివైనవాడని తేల్చుకుని ఇక్కడ చేరింది.

"మొదట్నుంచీ చెప్పండమ్మా," అన్నారు నిదానం గారు.

"నెల కిందట పెద్ద కారు కొన్నాం సార్. సెకండ్‌హ్యాండే. కొత్తది కొనాలంటే మా దుకాణం అమ్మినా చాలదు. తమ్ముడే వెతికి బేరం కుదిర్చాడు. మొన్న ఆదివారం మధ్యాహ్నం మూడింటికి జోరువానలో ఆ కారు ఓ పోస్ట్‌మాన్‌ని గుద్దేసి, ఆగకుండా వచ్చేసింది. కారు దానంతటదే బ్రేకు వేసుకుందట, అందుకే కాలు విరగడంతో సరిపోయింది. లేకపోతే ఆయన దక్కేవాడు కాదు. నంబరు ఆయనే చెప్పాడు. పోలీసులొచ్చేసరికి కారు మా షెడ్డులో తడిసి ఉంది."

"ఆ టైములో ఇంట్లో ఎవరున్నారు?"

"నేను దుకాణంలో ఉన్నా. మా ఆయన ఓడలో పనిచేస్తారు, ఊళ్లో లేరు. తమ్ముడు కింద గదిలో నిద్రపోతున్నానంటాడు. పైవాటాలో మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు."

"మరి తమ్ముడి మీదే అనుమానం ఎందుకు?"

"సీటు వల్ల సార్. అది మొహం చూసి మనిషిని గుర్తుపట్టే కారు. నేను కూర్చుంటే సీటు ముందుకొచ్చేస్తుంది, వాడు కూర్చుంటే వెనక్కి పోతుంది. వాడు ఆరడుగుల మనిషి. పోలీసులు చూసినప్పుడు సీటు సరిగ్గా వాడి కొలతకే ఉంది." ఆమె ఖాళీ గ్లాసు పక్కన పెట్టింది. "సోమవారం సిటీ బస్సు డ్రైవరుగా చేరాలి వాడు. మూడేళ్లుగా ఆ ఉద్యోగం కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూశాడు. కేసు పడితే లైసెన్సు పోతుంది, ఉద్యోగం చేరకముందే ఊడిపోతుంది."

"మీరేమనుకుంటున్నారు?"

ఆమె టేపు కొసను వేలికి చుట్టుకుంది. "నిన్న వాణ్ణి కూర్చోబెట్టి, 'నువ్వే చేసుంటే ఒప్పుకోరా' అన్నాను. అప్పట్నుంచీ వాడు నాతో మాట్లాడటం లేదు."

అరగంటలో ముగ్గురూ ఆమె ఇంటికి చేరారు. హాల్లోకి అడుగుపెడుతూనే మెట్ల పక్కన గోడకున్న కొక్కేనికి కారు తాళం కనబడింది. ఇంట్లో ఎవరు చెయ్యి చాపినా అందుతుంది. పసుపురంగు మఖమలు సోఫా మీద వాళ్లని కూర్చోమంటూనే ఆమె మొహం చిట్లించింది.

"ఆదివారం నుంచీ ఇల్లు సర్దే ఓపికే లేదు. ఈ దిండ్ల జిప్పులు ముందుకెవరు తిప్పారో!" అని గొణుక్కుంటూ రెండు దిండ్లను జిప్పు వెనక్కి వెళ్లేలా పెట్టింది. కుట్టుపని చేసే మనిషి కళ్లకు అలాంటివి ముల్లులా గుచ్చుకుంటాయి.

తమ్ముడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. అక్క వైపు చూడలేదు.

"ఆదివారం పొద్దున కారు తీశావా?" అడిగారు నిదానం గారు.

"కడిగించుకొచ్చాను. పదకొండింటికి షెడ్డులో పెట్టేశాను."

"తర్వాత?"

"తిని పడుకున్నా. ఎన్నిసార్లు చెప్పినా నమ్మేవాళ్లు ఉండాలిగా!"

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. రైలింగు పట్టుకుని ఒక్కో మెట్టే తడుముకుంటూ బావగారు దిగుతున్నారు. పొట్టి మనిషి. నల్లకళ్లద్దాలు పెట్టుకున్నారు. రైలింగు మీదున్న చేతికి, చూపుడువేలు చుట్టూ ప్లాస్టరు ఉంది.

"కంటికి ఆపరేషనై పదిరోజులైందండీ. నెలరోజులు బండి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. మెట్లు దిగడమే గగనంగా ఉంది, ఇంక నేనేం చూస్తాను?" అన్నారాయన. తర్వాత మరదలి వైపు తిరిగి, "ఆ పాతసామాను కొనొద్దని ఆనాడే మొత్తుకున్నానమ్మాయ్. వింటేనా!" అన్నారు.

స్టెనో అదంతా రాసుకుంది కానీ, ఆమె అనుమానమంతా కారు అమ్మిన మనిషి మీదే ఉంది. రెండో తాళం రేపిస్తా, ఎల్లుండిస్తా అంటూ అతను నెలరోజులుగా తిప్పుతున్నాడట.

ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు షెడ్డులోనే ఉన్నాడు. కారు తెర మీద హెచ్చరికల జాబితా చూపించాడు. ఆదివారం రెండూ యాభై నుంచి మూడూ పదిహేను దాకా ఎనిమిదిసార్లు ఒకే హెచ్చరిక ఉంది: డ్రైవరు చూపు అందడం లేదు.

"కునికిపాట్లు పడుతూ నడిపాడన్నమాట. నిద్రపోతున్నానని కుర్రాడే ఒప్పుకున్నాడుగా!" అని నవ్వాడు ఇన్‌స్పెక్టరు.

"పోస్ట్‌మాన్ డ్రైవర్ని చూశాడా?"

"వానలో మొహం ఆనలేదట. స్టీరింగుకి అతుక్కుని కూర్చున్నాడని మాత్రం చెప్పాడు. భయపడిపోయి ఉంటాడు."

నిదానం గారు డ్రైవరు సీటులో కూర్చున్నారు. సీటు అంగుళం కూడా కదల్లేదు. స్టీరింగు ఆయన చేతికి అందీ అందకుండా ఉంది. అలవాటుగా సీటు కిందికి చెయ్యి పోనిచ్చి మీట కోసం వెతికారు. మీట లేదు. ఊడి వేలాడుతున్న ప్లాస్టిక్ మూత ఒకటి తగిలింది. టార్చి వేసి దాని అంచు చాలాసేపు చూశారు. సీటు తోలు మీంచి పసుపు నూగు ఒకటి తీసి కాగితంలో మడిచారు.

తర్వాత సెకండ్‌హ్యాండ్ కార్ల షోరూముకి వెళ్లారు. యజమాని కూడా పొట్టే. స్టెనో పెన్సిలు వెంటనే చురుగ్గా కదిలింది.

"రెండో తాళం మొదటి ఓనరు దగ్గర ఉండిపోయిందండీ. అడగడానికి నాకే నామోషీ," అన్నాడతను, చెమట తుడుచుకుంటూ.

"కారుకి ఎవరెవరి మొహాలు తెలుసు?"

"నలుగురివి. మొదటి ఓనరు, నేను, ఈ అక్కాతమ్ముళ్లు. పాతవి చెరపడం మర్చిపోయాను."

"డ్రైవరుకి కునుకుపడితే ఏమంటుంది?"

"కాఫీ కప్పు బొమ్మ చూపించి విశ్రాంతి తీసుకోమంటుంది."

"సీటు జరిపే మీట ఎక్కడ?"

యజమాని పకపకా నవ్వాడు. "మీటల కాలం పోయిందండీ! అంతా తెర మీదే. ఎక్కడుందో తెలిసినవాడికి తప్ప దొరకదు. వాళ్లిద్దరికీ గంటసేపు నేర్పి పంపించాను."

బయటికి రాగానే స్టెనో ఆత్రంగా అడిగింది. "ఇతనేనా సార్?"

"సాయంత్రం ఆరింటికి అందర్నీ ఆ హాల్లో కూర్చోబెట్టండి," అన్నారాయన.

ఆరింటికి అందరూ వచ్చారు. కాఫీ ఎవరూ ముట్టుకోలేదు. ఒకరి మొహం ఒకరు దొంగచూపులు చూసుకుంటున్నారు.

"సీటు జరిగిందని మీరంతా అనుకుంటున్నారు," అని మొదలుపెట్టారు నిదానం గారు. "అసలది జరగనేలేదు. ఆదివారం పొద్దున ఈ అబ్బాయి దిగినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండిపోయింది. మూడింటికి కూర్చున్న మనిషిని కారు గుర్తుపట్టలేదు. మొదటి ఓనరో, షోరూం యజమానో అయితే సీటు వాళ్ల కొలతకి మారిపోయేది."

"మరి మావాడైతే?" అంది అక్క.

"ఆరడుగుల మనిషి స్టీరింగుకి అతుక్కుని ఎందుకు కూర్చుంటాడమ్మా? ఆ మనిషికి కాళ్లు అందలేదు. మీట కోసం సీటు కింద తడిమాడు. మూత ఊడింది కానీ మీట దొరకలేదు. దాంతో ఈ సోఫాలోంచి రెండు దిండ్లు పట్టుకెళ్లి, ఒకటి వీపు వెనక, ఒకటి కింద వేసుకున్నాడు. తిరిగి పెట్టేటప్పుడు జిప్పులు ముందుకొచ్చాయి. వాటి నూగే సీటుకి అంటుకుంది." ఆయన కాగితం మడత విప్పారు.

ఇన్‌స్పెక్టరు ముందుకి వంగాడు. "ఆ ఎనిమిది హెచ్చరికలో?"

"నిద్రపోతే కప్పు బొమ్మ వచ్చేది. చూపు అందడం లేదంటే కారులోని కెమెరాకి కళ్లే కనబడలేదన్నమాట. జోరువానలో కూడా నల్లద్దాలు తియ్యలేని మనిషి ఈ ఇంట్లో ఒక్కరే ఉన్నారు."

బావగారి చెయ్యి మెల్లిగా జేబులోకి పోబోయింది.

"చెయ్యి దాచకండి. ఆ మూత అంచుకి ఎండిన రక్తం ఉంది. మీ ప్లాస్టరు కింద ఉన్న గాయంతో సరిపోతుందో లేదో ల్యాబువాళ్లు చెబుతారు," అన్నారు నిదానం గారు.

బావగారు అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఎర్రబడ్డ కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి. "ముప్పై ఏళ్లు కారు నడిపానండీ నేను. నెలరోజులుగా అది కళ్ల ముందే తిరుగుతుంటే, 'ఒక్కసారి మీరు నడుపుతారా' అని అడిగిన పాపాన పోలేదు ఎవరూ. వీధి చివరిదాకా వెళ్లొద్దామనుకున్నాను. ఆ పోస్ట్‌మాన్ నిజంగానే కనబడలేదు. తర్వాత భయమేసింది. వీణ్ణి అనుమానించాక నోరు పెగల్లేదు."

"నా ఉద్యోగం పోయేది బావగారూ," అన్నాడు తమ్ముడు.

ఇన్‌స్పెక్టరు బావగారిని తీసుకుని వెళ్లిపోయాడు. రెండో తాళం రేపే తెచ్చిస్తానని ఒట్టేసి యజమాని జారుకున్నాడు. తమ్ముడు కొక్కెం మీది తాళం తీసుకుని షెడ్డుకి నడిచాడు. అక్క వెనకే పరుగెత్తింది.

అతను కారెక్కాడు. తెర మీద చిన్న దీపం వెలిగింది. కుడిపక్క అద్దం దానంతటదే సర్దుకుంది. అక్క కిటికీ అంచు పట్టుకుని నిలబడింది. ఏడుపు ఆపుకోవడానికి ప్రయత్నించలేదు.

"నెలరోజుల కిందట వచ్చిందిరా ఇది. నీ మొహం చూసి నువ్వేనని చెప్పేస్తుంది. ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నదాన్ని, నేను పోల్చుకోలేకపోయాను."

అతను స్టీరింగు మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు. తర్వాత వంగి అవతలి తలుపు తెరిచాడు.

"ఎక్కక్కా. ముందు ఆస్పత్రికి పోదాం. ఆ పోస్ట్‌మాన్‌ని మనింటివాళ్లు ఒక్కరూ చూడలేదు."