వెనక మూల నారింజలు

చేతిలో గొడుగు వదలని ప్రైవేటు డిటెక్టివు గొడుగాయన. ఆయన ఆఫీసులో కుర్చీలు రెండే. ఒకటి ఆయనది, రెండోది కష్టంలో ఉన్నవాళ్ళది. సహాయకుడిగా చేరిన మాజీ కానిస్టేబులు బీరువాకి ఆనుకుని నిలబడాలి. ఆయన బరువుకే బీరువా ఒరిగిందని గొడుగాయన అంటాడు. అది పుట్టుకతోనే అంత అని కానిస్టేబులు అంటాడు. ఈ వ్యాజ్యం ఇంకా తేలలేదు.

ఆ ఉదయం వచ్చినామె మాత్రం కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నన్ను అబద్ధాలకోరన్నారండి, నిండు కోర్టులో" అంది.

ఆమెకి నారింజ తోట ఉంది. కొత్త రోడ్డు కోసం ప్రభుత్వం దాన్ని తీసుకుంటానంటే, నా అభ్యంతరం వినకుండా ఎలా తీసుకుంటారని కోర్టుకెక్కి స్టే తెచ్చుకుంది. పరిహారం పెంచుకోవడానికి జనం హడావుడిగా మొక్కలు గుచ్చేస్తుంటారు గనక, నోటిఫికేషన్ వచ్చాక తోటలో ఒక్క మొక్కా నాటలేదని, తోటంతా స్వయంగా చూసి చెబుతున్నానని అఫిడవిట్‌లో ప్రమాణం చేసింది. తీరా అధికారులు తనిఖీకొస్తే వెనక మూలలో రెండు వరుసల లేత నారింజ అంట్లు తలలూపుతూ కనిపించాయి.

"కోర్టు సాయం అడిగేవాళ్ళు ఉన్నదంతా చెప్పాలట. వచ్చే వాయిదాకి సంజాయిషీ ఇవ్వకపోతే కేసు కొట్టేస్తానన్నారు జడ్జిగారు."

"మీరు నాటలేదు. మరి చూడనూ లేదా?"

"ఆ మూలకి వెళ్ళనండి. మావారు అక్కడే కుప్పకూలిపోయారు. కాలవ దాటి అటు నా అడుగు పడదు. ఈ సంగతి మా మరిదికీ, పక్క తోటాయనకీ, మా ప్లీడరుకీ తెలుసు." ఆమె కుర్చీని పక్కకి నెట్టింది. "ఎవడో చెప్పండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

కానిస్టేబులుకి ఉద్యోగంలో ఉండగా పెద్ద పులిని లాఠీతో అదిలించిన అనుభవం ఉంది. కనీసం ఆయన అలాగే చెబుతాడు. ఆ పులి కళ్ళల్లో కూడా ఇంత మంట లేదనుకున్నాడు.

తోటకి వెళ్ళగానే పక్క తోటాయన కంచె మీదుగా తల పెట్టాడు. ప్రభుత్వం అడిగీ అడగ్గానే తన నేల ఇచ్చేసినవాడు.

"ఆవిడ గెలిస్తే ఊరంతా నన్ను వెర్రివెంగళప్పని చేస్తారు బాబూ. ఓడిపోతేనే నాకు నిద్ర. అలాగని దొంగతనంగా మొక్కలు నాటతానా? నా మొక్కలకే నీళ్ళు పోసేవాణ్ణి కాదు, అందుకే తోట తొందరగా వదిలించుకున్నా."

ప్లీడరు తోట గేటు దగ్గరే ఆగాడు. బూట్లకి బురదంటుతుందని భయం. "ఆవిడ చెప్పిందే రాశాను. చదివి వినిపించాను. 'తోటంతా చూశారా' అనడిగితే తలూపారు. ఈ కేసు పోతే నా పేరూ పోతుందండి."

మరిది తన గది ముందు గులాబీలకి నీళ్ళు పోస్తున్నాడు. మోకాలు వంగని మనిషి. ఎప్పుడో నిచ్చెన మీదనుంచి పడ్డాట్ట.

"మా వదిన అబద్ధమాడదండి" అన్నాడు మెత్తగా. "ఆ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు?"

కానిస్టేబులు వివరాలడగడానికి గులాబీల అవతలికి వెళ్ళి నిలబడ్డాడో లేదో, పాదులో నీళ్ళు పొంగి ఆయన బూటులోకి దిగాయి. గొడుగాయన ఆ బూటు వంక చాలాసేపు చూశాడు. శిష్యుడి అవస్థకి జాలిపడుతున్నాడని కానిస్టేబులు మురిసిపోయాడు.

తర్వాత ఇద్దరూ వెనక మూలకి వెళ్ళారు. ప్రతి అంటుకీ ఊతకర్ర ఉంది. కట్టిన నార కాండాన్ని కొయ్యకుండా వదులుగా ఉంది. అంటుకీ అంటుకీ మధ్య ఒక బండి తిరిగేంత ఎడం. గొడుగాయన చెంబుతో ఒక పాదులో నీళ్ళు పోశాడు. అవతలి వైపు నిలబడ్డ కానిస్టేబులు రెండో బూటూ తడిసింది.

"నా మీద పగబట్టినట్టున్నాయి ఈ మొక్కలు" అన్నాడాయన.

"పగే. కానీ నీ మీద కాదు. అందర్నీ ఇక్కడికి పిలు."

అందరూ వచ్చారు, ప్లీడరు పొడినేల వెతుక్కుంటూ. ఆమె మాత్రం కాలవకి ఇవతలే నిలబడింది.

"పరిహారం కోసం నాటేవాడు పుల్లలు గుచ్చినట్టు ఒత్తుగా గుచ్చుతాడు" అన్నాడు గొడుగాయన, గొడుగుతో చూపిస్తూ. "రోడ్డుకి పోయే మొక్కకి ఎడమెందుకు? ఇవి నిండు నూరేళ్ళూ బతకాలని నాటినవి. కేసు చెడగొట్టడానికి వచ్చినవాడు మొక్కని చెడగొట్టలేకపోయాడు. నీళ్ళు కూడా పొయ్యని పక్క తోటాయన చేతికి ఇది రాదు. ప్లీడరుగారు బురదలో కాలే పెట్టరు. ఇక పాదు చూడండి. ఎవరైనా మొక్క చుట్టూ తిరుగుతూ గట్టు వేస్తారు. ఇక్కడ ఇవతలి గట్టు లావు, అవతలిది పల్చన. నాటినవాడు ఒకేవైపు నిలబడి మట్టి తనవైపు లాక్కున్నాడు, మోకాలు వంగక తిరగలేని మనిషి గనక. గులాబీల పాదులూ ఇంతే. కావాలంటే మావాడి బూట్లని అడగండి."

ఎవరూ నవ్వలేదు. మరిది తప్పించుకోవాలనీ చూడలేదు.

"నేనే" అన్నాడు. "నాకు సంబంధం కుదిరినప్పుడు గుర్తుందా వదినా? ఆ పిల్లకి నేనంటే ఇష్టం. నువ్వెళ్ళి, మా వాడికి మూర్ఛలొస్తాయి, నిచ్చెన మీదనుంచి పడింది అందుకే అని చెప్పొచ్చావు. సంబంధం చెడింది."

"అది నిజం. దాచిపెట్టి పిల్లని తెచ్చుకోమంటావా?"

"నిజమే. నాలుగు రోజులాగితే ఆ పిల్లకి నేనే చెప్పుకునేవాణ్ణి. నా నిజం నన్ను చెప్పుకోనివ్వలేదు నువ్వు. అందుకే, ఆ నోరే అబద్ధాలాడుతుందని జడ్జి చేత అనిపించాలనుకున్నా. తోట పోతే నాకూ గది పోతుంది. పోనీ అనుకున్నా."

ప్లీడరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఇదంతా కోర్టుకి చెప్పేద్దాం."

"మీరు చెయ్యాల్సిందీ ఉందమ్మా" అన్నాడు గొడుగాయన. "ఈ మూల చూడకుండానే చూశానని ప్రమాణం చేశారు. అది మీ తప్పు. అదీ చెప్పాలి."

"చెబుతాను." ఆమె కాలవ వైపు చూసింది. ఒక్క క్షణం ఆగి, దాటింది. నేరుగా మొదటి అంటు దగ్గరికెళ్ళి కాండం పట్టుకుంది.

"పీకకండి" అన్నాడు కానిస్టేబులు కంగారుగా. "పీకితే మళ్ళీ దాచినట్టే."

"పీకడానికి కాదు." ఆమె మరిది వైపు తిరిగింది. గొంతు చల్లగా ఉంది. "ఎవరు నాటారో నేను చెబుతాను. ఎందుకు నాటారంటే మాత్రం నేను చెప్పను. నీ నిజం నిన్నే చెప్పుకోనిస్తాను. నిండు కోర్టులో, లేచి నిలబడి, నీ నోటితో."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే నామాట నమ్మరు. కేసు కొట్టేస్తారు. రోడ్డు రోలరు ఈ మూలనుంచే మొదలుపెడుతుంది. నువ్వు ఊతకర్ర కట్టి, నార వదులుగా ముడేసిన వీటి మీదనుంచే వెళుతుంది. పక్కన నిలబడి చూద్దువుగాని."

మరిది ఆమెని చూడలేదు. అంట్లని చూశాడు. చివరి వరుసలో ఒకదానికి అప్పుడే కొత్త చిగురు వేస్తోంది. చెంబు అందుకున్నాడు.

తిరిగి వెళుతూ కానిస్టేబులు వెనక్కి చూశాడు. ఆమె కాలవ అవతలే, భర్త పడిన చోటే, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. మరిది ఒంగలేని మోకాలితో, చెంబు పట్టుకుని, ఒక్కొక్క పాదూ నింపుకుంటూ వెళుతున్నాడు.

"చెబుతాడంటారా?" అన్నాడు కానిస్టేబులు.

గొడుగాయన మళ్ళీ కానిస్టేబులు బూట్ల వంక చూసి నడిచాడు.

వాయిదా నాడు ఆమె తన తప్పు ముందు చెప్పుకుని, నాటిందెవరో చెప్పి కూర్చుంది. తర్వాత వెనక బెంచీలోంచి, మోకాలు వంగక బల్ల పట్టుకుని, ఒక మనిషి లేచాడు.