దిగువకి కట్టేసినాం

నేరం ఎవరిదో లెక్కగట్టే యంత్రం, కారణసూచి, నమ్మకం నూటికి ఎనభై దాటిందని చూపించాక కూడా సుభాషిణి ఆధారాల మూడో వడపోత ఆపలేదు. తమ బరాజు తలుపులను తెల్లవారకముందే మూసేసిన దొంగ ఆదేశం ఏ దారిన వచ్చిందో ఎదురుగా తెరమీద ఎర్రగీతలా కనిపిస్తోంది. గీత ఎగువ మండలం ప్రసార గదిలో మొదలై దిగువ మండలం కేంద్రంలోకి, అంటే ఈ గదిలోకే దూరింది. అంతకుముందు అది ఎక్కడిదో ఆనవాలు లేదు, ఎవరో తుడిచేశారు. గీత మొదలైన చోటే దొంగ ఉంటాడని యంత్రం నమ్మకం. పక్కింటి గోడ దూకి వచ్చినవాడల్లా పక్కింటివాడే అయితే ఇక లోకంలో విచారణలెందుకు?

నిర్ధారకురాలిగా సుభాషిణి పని పైకి చాలా చిన్నది. యంత్రం అడుగుతుంది, ఆమె ఔననో కాదనో నోటితో చెప్పాలి. ఔనంటే నిందపడ్డ మండలం నిల్వనీరంతా ఆ క్షణమే బాధిత మండలానికి మళ్లుతుంది, ఏడాదిదాకా వెనక్కి పోదు. కాదంటే విచారణ మళ్లీ మొదటికొస్తుంది. అది తేలేదాకా తలుపులన్నీ యంత్రం అధీనంలోనే ఉంటాయి, చేత్తో ముట్టుకుంటే ఆధారం చెరిపినట్టే. రెండు మండలాలూ కొట్టుకు చావకుండా పెద్దలు రాసుకున్న ఒప్పందమిది. తీర్పు ఎంత తొందరగా వస్తే శాంతి అంత తొందరగా వస్తుందని వాళ్ల లెక్క.

"ఇంకా ఏం చూస్తావమ్మా?" అన్నాడు కేంద్రాధికారి భానోజీరావు. పొద్దుటినుంచి ఆయన కూర్చున్నది లేదు. "గేటు బయట బిందెలతో జనం నిలబడ్డారు. ఆసుపత్రి ట్యాంకులో నీళ్లు అడుగంటాయంట. మీ చెల్లెలు అక్కడే కదా?"

అక్కడే. వినోదినికి రక్తశుద్ధి చేసే యంత్రం నీళ్లు లేకపోతే నడవదు. ఔను అన్న ఒక్క మాటతో చెల్లెలికి నీళ్లొస్తాయి. ఎగువ ఆసుపత్రిలో మరెవరి చెల్లెలికో ఆగిపోతాయి.

ఇంతలో కారణసూచి కొత్త ఆధారం తెచ్చి తొంభై దాటింది. ఎగువ తలుపుల మేస్త్రీ ఓబుళేసు రాత్రి తన మనిషికి పంపిన మాట అది. ఆ గొంతు వినిపించమంది సుభాషిణి.

"దిగువకి కట్టేసినాం. ఇంగ పండుకుంటాండా."

తెర అడుగున యంత్రం దాని అర్థం రాసింది: దిగువ మండలానికి నీళ్లు ఆపేశాం.

"ఇంకేం కావాలి? వాడి నోటితో వాడే చెప్పాడు," అన్నాడు భానోజీరావు.

నిందపడ్డవాణ్ణి ఒక్కసారి అడిగే హక్కు నిర్ధారకురాలికి ఉంది. దాన్ని వాడేవాళ్లు తక్కువ. సుభాషిణి లైను కలపమంది.

"ఓబుళేసు గారూ, రాత్రి దేన్ని కట్టేశారు?"

"నీళ్లు, మ్యాడం. మా దిగువ మళ్లకి."

"ఎందుకు ఆపారు?"

"ఆపేదేంది? కట్టినామంటే మడికి నీళ్లు పారిచ్చినామని. మీ ఊళ్లో ఏమంటారో నాకేం తెలుసు. మళ్లుంటే గదా మీకు."

నిజమే, దిగువ మండలంలో మడి చూసినవాడు లేడు. ఇక్కడ దీపం కట్టేస్తారు, ఫ్యాను కట్టేస్తారు. కట్టెయ్యడమంటే ఆపెయ్యడమే. కారణసూచికి మాటలు నేర్పింది కూడా ఇక్కడివాళ్లే. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఆ మాట పోయి ఓ మండలం గొంతుమీద పడబోయింది.

"అబద్ధం చెప్తున్నాడేమో," అన్నాడు భానోజీరావు మెల్లగా.

సుభాషిణికీ ఆ అనుమానం ఉంది. మాటకు రెండర్థాలున్నంత మాత్రాన మనిషి మంచివాడైపోడు. గీత ఇంకా వాళ్ల గదిలోంచే వస్తోంది. కాదు అనడానికి కూడా ఆమె దగ్గర ఏమీ లేదు.

యంత్రం అడిగింది. "కారకులు ఎగువ మండలమేనా? ఔనా, కాదా?"

సుభాషిణి చేతులు రెండూ ఒడిలో పెట్టుకుంది.

"తెలియదు."

"ఔనా, కాదా?"

"తెలియదు."

"సుభాషిణీ, నీకేమన్నా పిచ్చా?" అన్నాడు భానోజీరావు. యంత్రం మూడోసారి అడిగింది. మూడోసారీ అదే జవాబు. తెరమీద ఎర్రగీత ఆరిపోయింది.

"ఈ జవాబు నా పరిధిలో లేదు. విచారణ మనుషులకు అప్పగిస్తున్నాను. తలుపుల తాళాలు వదులుతున్నాను."

"ఎవరివి? మనవా, వాళ్లవా?" భానోజీరావు తెరమీదికి వంగాడు. "అన్నీ వదిలేసిందా? ఆ దొంగ ఎవడో ఇప్పుడు వచ్చి తిప్పుకుంటే?"

లైను ఇంకా తెగలేదు. "మ్యాడం," అన్నాడు ఓబుళేసు. "మీ బరాజుకి చేతి చక్రాలుండాయి. తుప్పు పట్టింటాయి. మీవోళ్లకి తిప్పేది వస్తాదా?"

"రాదు."

"మావోళ్లని పంపిచ్చనా?"

నిందలో ఉన్న మనిషిని తమ తలుపు దగ్గరికి రానివ్వాలా? భానోజీరావు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి సగంలోనే ఆగిపోయింది, వద్దంటే ఏం చేయాలో ఆయనకూ తెలియదు.

"పంపండి. మావాళ్లూ పక్కనే ఉంటారు," అంది సుభాషిణి.

లైను పెట్టేసిందో లేదో ఆసుపత్రి నుంచి ఫోను. వినోదినే.

"అక్కా, మిషను ఆపేశారు. నువ్వు ఔనంటే నీళ్లొస్తాయంట కదా, నర్సు చెప్పింది. ఏమన్నావు?"

"తెలియదన్నానమ్మా."

"నిజంగా తెలీకా, భయపడా?"

"నిజంగానే తెలీదు, వినూ."

"సరే," అంది వినోదిని. "నాకింకా కొంచెం ఓపికుంది. నువ్వు మాత్రం ఫోను పెట్టెయ్యకు."