మూడో పట్టికలో వాన

ఉదయం 9:52.

హాల్లో నూట ఇరవై మంది. తెర మీద మూడో పట్టిక.

ముందు వరుసలోంచి తెల్లగడ్డం ప్రొఫెసర్ ఒకాయన లేచాడు.

"ఒక్క నిమిషం. ఈ లోయలో భూగర్భజలం ఒక్క ఏడాదిలో పదకొండు మీటర్లు పడిపోయిందా? అక్కడ బావులు కొలిచినవాణ్ణి నేను. మూడు మీటర్లు కూడా దాటలేదు. అసలు రీడింగులు చూపించండి."

స్టేజి మీద రిపోర్టు వినిపిస్తున్న, భూగర్భజలాల లెక్కలు చూసే నీళ్ల మేడమ్ ఫైల్ తెరిచింది. నెలవారీ రీడింగులు లేవు. బ్యాకప్‌లో వెతికింది. అక్కడా లేవు. ఇరవై ఆరేళ్ల కొలతలు, నూట నలభై దేశాలవి, ఉన్నపళంగా మాయం.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. "అంకెలు వండేసిందిరా" అని ఎవరో పైకే అన్నారు.

11:20కి సైబర్ క్రైమ్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆరోజు అతని మూడ్ బాగాలేదు. ముందురోజే తోడల్లుడికి ప్రమోషన్ వచ్చింది. వెళ్లి, నవ్వుతూ చెయ్యి కలిపి వచ్చాడు. కడుపులో మంట మాత్రం ఇంకా ఆరలేదు.

ఈ సభ పెట్టిన సంస్థ చేసే పని చెప్పడానికి తేలికే. ఏ దేశం ఎంత సంపాదిస్తోంది, ఆ సంపాదన కోసం ఎంత నీరు, ఎంత అడవి తగలేస్తోంది అని లెక్క కట్టడం. నీళ్ల మేడమ్ రిపోర్టు ప్రకారం నలభై ఒక్క దేశాల అభివృద్ధి భూమి కింది నీళ్లని తోడి నిలబెట్టిందే. నీళ్లు అయిపోతే అదీ కూలుతుంది. సాయంత్రం నాలుగింటికి విచారణ కమిటీ. ఈలోగా నిజం తేలకపోతే ఆవిడ ఉద్యోగం పోతుంది. ఆ హెచ్చరికను ఇక ఎవడూ నమ్మడు.

ఇన్‌స్పెక్టర్ కంప్యూటర్ లాగ్ చూశాడు. నిన్న సాయంత్రం 6:17కి ఫైల్ మారింది. లాగిన్ నీళ్ల మేడమ్‌ది. కంప్యూటర్ కూడా ఆవిడదే.

"పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"మానిటర్ మీద చీటీ అంటించి ఉంటుందండీ," అన్నాడు డైరెక్టర్.

"వరండాలో కెమెరా ఉందిగా?"

"ఉంది. పనిచెయ్యదు."

ఇన్‌స్పెక్టర్ పళ్లు నూరుకున్నాడు.

"ఫైల్ మీరే మార్చి ఉండొచ్చుగా?"

"నేనా! ఈమెయిల్ కూడా సెక్రటరీ ప్రింట్ తీసిస్తేనే చదువుతానండీ."

అది నిజమే. బల్ల మీద కాగితాల గుట్ట ఉంది.

తర్వాత శాటిలైట్ బొమ్మలు తయారుచేసే ఆయన వచ్చాడు. ఆఫీసులో అందరికీ బొమ్మలాయన.

"నిన్న ఆరుంపావుకి ఎక్కడున్నారు?"

"నా సీట్లో."

"ఎవరు చూశారు?"

"నా వైపు ఎవరు చూస్తారు సార్! బొమ్మలు నావి, పేపర్లో ఫోటో ఆవిడది. ఇది పదేళ్ల భాగోతం."

"అంత కుళ్లు ఉందా?"

"ఉంది. దాచుకోను."

మూడో మనిషి, ఆర్థిక విభాగం చూసే చిన్న మేడమ్. నీళ్ల మేడమ్‌కి సొంత చెల్లెలు. నిటారుగా కూర్చుంది.

"మా అక్క అబద్ధం ఆడదు సార్. తప్పు చెయ్యదు. చిన్నప్పట్నుంచీ అంతే."

మెచ్చుకోలే అది. కానీ పళ్ల బిగువున వచ్చింది. నిన్న తోడల్లుణ్ణి తనూ అలాగే మెచ్చుకున్నాడు ఇన్‌స్పెక్టర్.

"నిన్న ఆరుంపావుకి?"

"ఇద్దరం ఒకే కారులో వెళ్తాం. కిందికి దిగాక కళ్లజోడు మర్చిపోయానని పైకొచ్చాను. ఐదు నిమిషాలు."

చివరికి నీళ్ల మేడమ్. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

"లేదు. పొరపాటు నాదే అయ్యుంటుంది."

"పొరపాటున బ్యాకప్ కూడా చెరిపేస్తారా మేడమ్?"

బతికించండి మహాప్రభో అనాల్సిన మనిషి నోరు కుట్టేసుకుని కూర్చుంటే ఏ పోలీసుకైనా ఒళ్లు మండదూ!

1:40. ఇన్‌స్పెక్టర్ భోజనం మానేసి, అలమరలోంచి పాత రిపోర్టు అచ్చుప్రతి తీశాడు. దొంగ పట్టిక పక్కన పెట్టి, వేలు ఆనించి వరుసా వరుసా దిగాడు. ఆరేళ్ల బావుల అంకెలు మారాయి. అది తెలిసిందే. పక్క గడిలో వేలు ఆగిపోయింది.

అచ్చులో వాన 812 మిల్లీమీటర్లు. దొంగ పట్టికలో 794.

కింది వరుసలోనూ తేడా. ఆరేళ్లూ తేడాయే.

బొమ్మలాయన్ని పిలిచాడు. "నెలవారీ వాన లెక్క ఎక్కడ దొరుకుతుంది?"

"వాతావరణ శాఖ సైట్లో సార్. ఎవరైనా చూడొచ్చు."

అరగంట క్యాలిక్యులేటర్ మీటలు టకటకలాడాయి. తర్వాత ఇన్‌స్పెక్టర్ లేచి, నలుగురి దగ్గరికీ వెళ్లి ఒకే ప్రశ్న అడిగాడు.

"మీ లెక్కల్లో ఏడాది ఏ నెలతో మొదలవుతుంది?"

బొమ్మలాయన: "జనవరి. అందరికీ అంతేగా?"

డైరెక్టర్: "నాకు లెక్కలేంటండీ! రిటైర్మెంట్‌కి ఇంక పధ్నాలుగు నెలలు. అదొక్కటే లెక్క."

చిన్న మేడమ్: "ఏప్రిల్. ఏ దేశం లెక్క వచ్చినా ముందు ఏప్రిల్‌కి మార్చుకుంటాను. చెయ్యి దానంతటదే పోతుంది."

నీళ్ల మేడమ్ కాసేపు అతని మొహంలోకే చూసింది. "జూన్," అంది.

3:20. నలుగురినీ డైరెక్టర్ గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాడు.

"బావుల అంకెలు ఎందుకు మార్చారో తెలుస్తూనే ఉంది. మేడమ్ అబద్ధాలకోరు అనిపించడానికి. మరి వాన ఎందుకు మారింది? వానతో దొంగకి పనేంటి?"

బొమ్మలాయన డైరెక్టర్ వైపు చూశాడు.

"పనేం లేదు. బావుల నెలవారీ అంకెలు పెంచాక ఏడాది మొత్తం మళ్లీ కూడాలి. పక్కనే వాన ఉంది. ఒకే ఫార్ములాతో రెండూ కూడేశారు. అక్కడే పప్పులో కాలేశారు. నీళ్ల లెక్కలో ఏడాది జూన్ నుంచి మే దాకా. ఆ పన్నెండు నెలల వాన కూడితే 812. అదే అచ్చులో ఉంది. జనవరి నుంచి కూడితే 806, అది ఎక్కడా లేదు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా కూడితే..."

"794," అంది చిన్న మేడమ్.

డైరెక్టర్ గుడ్లప్పగించి చూశాడు.

"నేనే చేశాను. కళ్లజోడు అబద్ధం. ఫైల్ ముందే తయారుచేసి పెట్టుకున్నాను." ఇప్పుడూ నిటారుగానే కూర్చుంది. "నాకు నలభై నాలుగేళ్లు. ఇంకా చిన్న మేడమ్‌నే! ఏ మీటింగ్‌కి వెళ్లినా 'మీరు ఆవిడ చెల్లెలు కదూ' అంటారు. నేను ఏం చేస్తానని ఒక్కడూ అడగడు. పోయినేడు ఒక పరిశోధన పేపర్ రాసి పత్రికకి పంపాను. అదీ తిరిగొచ్చేసింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, మా అక్కని నలుగురూ వేలెత్తి చూపిస్తే చూడాలనిపించింది."

"చూశారుగా?"

"చూశాను. అయినా కడుపు చల్లబడలేదు."

బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది. "రీడింగులన్నీ ఇందులోనే ఉన్నాయి. పారెయ్యడానికి చెయ్యి రాలేదు."

ఇన్‌స్పెక్టర్ నీళ్ల మేడమ్ వైపు తిరిగాడు. "మీకు ఎప్పుడు తెలిసింది?"

"స్టేజి మీదే. వాన గడి చూడగానే."

"మరి ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ జవాబు చెప్పేలోపే చెల్లెలు దిగ్గున లేచింది.

"తెలిసీ ఊరుకున్నావా? నా కోసం ఉద్యోగం వదిలేద్దామనా? ఇందులో కూడా నువ్వే గొప్పదానివి అయిపోవాలా!" అప్పటిదాకా రాని ఏడుపు తన్నుకొచ్చింది. "నన్ను తిట్టవే! పదిమందిలో చెంప పగలగొట్టు! ఈ త్యాగాలు మాత్రం చెయ్యకు, చూడలేక చస్తున్నా!"

"గొప్పా లేదు, గాడిదగుడ్డూ లేదు," అంది అక్క. "నీ పేపర్ తిప్పి పంపింది నేనే."

చెల్లెలి ఏడుపు ఠక్కున ఆగింది.

"పత్రికవాళ్లు పేరు తీసేసి నా దగ్గరికే పంపారు, చూసి చెప్పమని. మొదటి పేజీలోనే నీదని తెలిసిపోయింది. ఆధారాలు చాలవని రాసి పంపించేశాను. చాలకపోవడమేంటి, కావలసినవన్నీ ఉన్నాయి. దేశాలు ధాన్యం ఎంత అమ్ముకుంటున్నాయో చూసి, భూమి కింద నీళ్లు ఎప్పటికి అయిపోతాయో చెప్పేశావు. ఒక్క బావిలోకి తొంగి చూడకుండా! ఇరవై ఆరేళ్లుగా బావులు కొలుస్తున్నదాన్ని, నాకు తట్టలేదే అది. ఒళ్లంతా మండిపోయింది. ఇవాళ ఆ వాన గడి చూసి, ఇది నాకు తగినదేలే అనుకున్నాను. అందుకే నోరు మూసుకున్నా."

ఇన్‌స్పెక్టర్ కలం నోట్‌బుక్ మీద ఆగిపోయింది. ఇందులో సగం ఏ సెక్షన్ కిందికీ రాదు.

3:52. డైరెక్టర్ గడియారం చూసుకుని దగ్గాడు. "కమిటీ వచ్చేసిందండీ."

చెల్లెలు కదల్లేదు. అక్క మీద అరుస్తుందని, మీద పడుతుందని అందరూ చూస్తున్నారు. ఇంకాసేపట్లో ఆమె ఉద్యోగం పోతుంది, కేసు పడుతుంది. అది ఆమెకీ తెలుసు.

"నిజంగా అంత బాగుందా అక్కా?" అంది.

"ఏది?"

"నా పేపర్."

"దాని మీద నా పేరు రాసుకుందామా అనిపించింది."

చిన్న మేడమ్ చీరకొంగుతో మొహం తుడుచుకుంది. బల్ల మీద పెన్‌డ్రైవ్ తీసి అక్క చేతిలో పెట్టింది.

"కమిటీ ముందు మొదట నేను మాట్లాడతాను. నేను చేసింది నేనే చెప్తాను. ఆ తర్వాత నువ్వు చెప్పు, పేపర్ సంగతి కూడా."

"చెప్తాను," అంది నీళ్ల మేడమ్. పక్కకి జరిగి తలుపు తీసి పట్టుకుంది. చెల్లెలు ముందు నడిచింది.